బండి ముద్ద

సోమవారం. గోడలు తడి. బండ్లు ఐదు. సూది ఆరు.

అదే మరి, బ్యాటరీ అంటే ఏదో గొప్ప అనుకుంటున్నారు అందరూ. దానికి పొద్దున తిండి పెట్టాలి, సాయంత్రం తిండి పెట్టాలి. ఎక్కువ పెడితే పొట్ట ఉబ్బుతుంది, తక్కువ పెడితే దారిలో కూలబడుతుంది. ఇవే లక్షణాలున్న మనిషిని మేం ఇదివరకే ఒకణ్ణి చూశాం. మా చెల్లెలి మొగుడు ఓదెలు బావ. ఆయన్ని కూడా పట్టాల మీద పెట్టడం ఎవరివల్లా కాలేదు.

పట్టాల కరెంటుకి ఈ తలనొప్పులు లేవు. రెండు పట్టాల మీదా రాగి రేకు, రేకులో కరెంటు, చక్రాల గుండా మోటారుకి పోతుంది. నేనిక్కడ మీట నొక్కితే బండి కదులుతుంది, ఎత్తితే ఆగుతుంది. తాడు నా చేతిలోనే ఉంటుంది. బ్యాటరీ బండిని ఒకసారి వదిలామా, ఇక దాని బుద్ధి దానిదే.

ఈ మాటే ఇంజనీరమ్మ సంయుక్తతో అన్నాను.

"లింగం మామా, నీ రేకులన్ని చెమ్మకు తినవడ్డయ్. మనం ఇచ్చే కరెంటుల సగం గోడలే తాగుతున్నయ్. అవుతల నీళ్లు టర్బైను దాక వస్తలేవు. ఆస్పత్రి ఫ్యాను తిప్పాల్నా, నీ ఆటబండ్లు తిప్పాల్నా?"

"ఆటబండ్లు అనకు బిడ్డా. ఇవి లేకుంటే ఆస్పత్రికి మందులు ఎవలు మోస్తరు, నేనా? తూముల్ల నా తలకాయ సుత పట్టదు."

"ఆ ఒక్క మాట నమ్ముత," అంది నా తలకేసి చూసి.

తీర్పు అయిపోయింది. వచ్చే సోమవారం నుంచి పట్టాల కరెంటు బంద్. ఐదు బండ్లకీ బ్యాటరీ పెట్టెలు.

బండ్లంటే మూరెడు పొడుగువి. వరదకి కొట్టుకొచ్చి గేట్లకి అడ్డం పడ్డ పెద్ద ఇనప పెట్టెలో పిల్లల బొమ్మ ఇటుకలు దొరికాయి. వాటితో కట్టినవి. ఈ డ్యాము కట్టినవాళ్లు దీని కడుపులో, సొరంగాల్లాంటి గ్యాలరీల్లో, జనం కాపురం పెడతారని అనుకోలేదు పాపం. ఒక గ్యాలరీ నుంచి ఇంకో గ్యాలరీకి పోవాలంటే మోకాళ్లు అరిగే మెట్లున్నాయి. అడ్డదారి కావాలంటే జానెడు వెడల్పు నీళ్ల తూములున్నాయి. వాటిలో పట్టేవి మూడే: నీళ్లు, ఎలుకలు, నా బండ్లు. పైకెక్కి కట్ట మీద నడవొచ్చు కదా అని ఎవరూ అనరు. పైన మనిషిని మాడ్చే ఎండ ఉంది.

ఇక సూది సంగతి. మీటరులో ఒక్కో గీత ఒక్కో బండి తాగే కరెంటు. ఐదు బండ్లు తిరిగితే సూది ఐదు మీద ఉండాలి. ఒక్కోసారి ఆరుకి పోతుంది. దీనికి నా దగ్గర జవాబుంది. మాకు ఆరో నంబరు బండి ఒకటుండేది. కింది గ్యాలరీ మునిగిన రోజు అది ఆ తూములోనే ఉంది, తిరిగి రాలేదు. లోపలెక్కడో పట్టా పక్కకి ఒరిగి, ఒక చక్రం రేకుకి తగులుతూ, ఇంకా గింజుకుంటోందన్నమాట. పోయాక కూడా తాగుడు మానలేదు.

ఈ పూట రెండో గ్యాలరీ రేకులు తోమాను. రాగికి చింతపండే మందు. మా ఆవిడ రాజవ్వ ఉండ తీసిస్తూ, "చారుల ఏస్కోనీకి లేదు గని పట్టాలకు అభిషేకం," అంది. పట్టాలు మాత్రం కూరలో ఉప్పు లేదని ఎన్నడూ అనలేదు అన్నాను. ఉండ సగం వెనక్కి లాక్కుంది.

మంగళవారం. గోడలు మరీ తడి. బండ్లు ఐదు. సూది ఐదు, తిండి వేళ దాటాక ఆరు.

బండి ముద్ద పంపించాను. ఇది రోజూ ఉండే పనే.

పూర్వం మా వైపు మనిషి పోతే మూడోనాడు పిట్టకు పెట్టేవాళ్లు. కాకి వచ్చి ముద్ద ముట్టిందంటే పోయినవాళ్ల మనసు చల్లబడ్డట్టు. డ్యాములో కాకి ఎక్కణ్ణించి వస్తుంది? కింది గ్యాలరీలోకి నీళ్లు తోసుకొచ్చినప్పుడు మిగతా అందరూ దక్కాలంటే ఇనప తలుపు మూయాల్సిందే. మూశారు. దాని మీద కాంక్రీటు పోశారు. తలుపుకి అవతల ఉండిపోయినవాళ్లలో మా చెల్లె కొమురవ్వ, ఓదెలు బావ ఉన్నారు. చెల్లె అప్పుడు నెలలు నిండిన మనిషి. కింద చల్లగా ఉంటుందని చాప తీసుకుని వెళ్లింది.

తూము దగ్గర నోరు పెట్టి గొంతులు పోయేలా పిలిచాం. నీళ్ల హోరు తప్ప ఏమీ రాలేదు. మూడోనాడు ఎవరికో తోచింది, పిట్ట లేకపోతే బండి ఉంది కదా అని. ఐదో నంబరు మీద డబ్బాలో జొన్న గట్క ముద్ద పెట్టి, ఇటు తూములోంచి లోపలికి పంపాం. చుట్టు తిరిగి అటు తూములోంచి బయటికొచ్చింది. డబ్బా ఖాళీ. ముట్టింది! ఆ రోజు అందరం ఏడ్చి, కడుపునిండా తిన్నాం. అప్పటినుంచీ ప్రతి ఇంట్లో తినే ముందు ఒక పిడికెడు డబ్బాలో వేస్తారు, నేను పంపిస్తాను, ఖాళీగా వస్తుంది. ఏడేళ్లుగా ఒక్కనాడూ తప్పలేదు. ఎలుకలు తింటాయని మనసులో అందరికీ తెలుసు. ఎవరూ అనరు. ముద్ద ముట్టిన కాకిని పట్టుకుని నీ ఇల్లెక్కడ అని ఎవరడుగుతారు?

డబ్బా ఖాళీగా రావడమే కాదు, కడిగినట్టు వస్తుంది. తూములో నీళ్లు కారుతుంటాయి కదా. రాజవ్వకి ఇది మహా ఇష్టం. "ఈ ఇంట్ల తిన్న గిన్నె కడిగిపెట్టేది పోయినోళ్లే," అంటుంది నావైపు చూస్తూ.

ఐదో నంబరు తూములో దూరగానే నేను బీడీ ముట్టిస్తాను. ఆకు తునికాకు కాదు, ఎండబెట్టిన బచ్చలాకు. బీడీ అనుకుంటే బీడీయే. సగం అయ్యేసరికి అటునుంచి బండి బయటపడుతుంది. మిగతా సగం ఆర్పి చెవి మీద పెట్టుకుంటాను. ఇది నా పాత అలవాటు. "అన్నా, దేవుడు నీకు ఆయుష్షు సుత సగమే రాసిండా ఏంది," అని కొమురవ్వ నవ్వేది. ఓదెలు బావకి కూడా బీడీ అంటే ప్రాణం కనక అప్పుడప్పుడు డబ్బాలో ఒకటి వేస్తాను. అదీ ముడుతుంది. ఎలుకలు మంచి అలవాట్లేమీ నేర్చుకోవడం లేదు.

ఈ రోజు ఫిర్యాదులు: ఐదో నంబరుకి మళ్లీ ఒక పసుపు ఇటుక తక్కువ. డ్రైవరు బొమ్మని మళ్లీ ఎవరో వెనక్కి తిప్పి కూచోబెట్టారు. దారి చూడాల్సినవాడు వచ్చిన దారిని చూస్తున్నాడు. రెండో గ్యాలరీ పోరగాళ్ల పనే. తిట్టి సరిచేశాను. ఎన్నోసారో.

బండి కప్పు మీద పాలపన్ను ఒకటి ఉంది. ఇదివరకు పిల్లల పన్ను ఊడితే ఇంటి కప్పు మీదికి విసిరేవాళ్లు. ఇక్కడ ఇళ్లకి కప్పు ఎక్కడిది? అంతా డ్యామే. అందుకని మొదట్నించీ బండి కప్పు మీద పెడతారు. నేను తీసి, మంచి పన్ను ఇవ్వమని అరిచి, గేటు కంతలోంచి నీళ్లలో వేస్తాను. మామూలుగా పిల్లలు మేళంతో వస్తారు. ఈసారి చెప్పకుండా పెట్టి పోయారు. కింది వరస ముందు పన్ను, బియ్యపు గింజంత. అగ్గిపెట్టెలో వేశాను, ఎవరిదో అడిగి విసురుదామని.

గురువారం. బండ్లు సున్నా. సూది ఒకటి.

పై లెక్క చూసి నాకు మతి పోయిందనుకోవద్దు. సంయుక్త వచ్చి, ఐదు బండ్లూ పట్టాల మీంచి తీసి అరుగు మీద పెట్టమంది. పెట్టాను. సూది సున్నాకి దిగింది. "చూసినవా, నా లైను బంగారం," అన్నాను.

అప్పుడు సూది లేచింది. ఒకటి దగ్గర నిలబడింది. పడింది. మళ్లీ లేచింది, ఈసారి చిటికెసేపు. మళ్లీ పడింది.

"ఆరో నంబరు," అన్నాను.

"ఇరుక్కున్న మోటారు ఇన్నేండ్లు ఉండది మామా. నాల్రోజులల్ల కాలిపోతది."

"మరి గిదేంది?"

మేమిద్దరం అట్లాగే చూస్తూ కూచున్నాం. సూది కాసేపు లేస్తుంది, కాసేపు పడుకుంటుంది. ఒక వరస లేదు. ఎవరో బండిని కొంచెం పోనిచ్చి, ఆపి, మళ్లీ పోనిస్తున్నట్టు ఉంది. కొమురవ్వ చిన్నప్పుడు నేను చేసిచ్చిన తాటికాయ బండిని ఇట్లాగే ఆడేది. గడప దాకా తోసి, ఆపి, దాంతో ఏదో మాట్లాడి, మళ్లీ తోసేది. అనుకున్నాను గానీ అనలేదు. మీటరు ముందు కూచునేవాడు అట్లాంటి మాటలంటే ఇంకొకణ్ణి వెతుక్కుంటారు.

"నీటిబొట్టు," అంది చివరికి సంయుక్త. "రేకు మీద బొట్టు పడంగనే కరెంటు కలుస్తది, జారంగనే విడిపోతది. ఎప్పుడో మంట లేస్తది మామా. సోమారం దాక ఆగొద్దు, రేపే బ్యాటరీ బండి కింది తూముల తోలి చూద్దాం."

ఆ మాట సబబుగానే ఉంది. బొట్టుకీ వేళాపాళా ఉంటుందా, తిండి అయ్యాకే పడుతుందా అని అడుగుదామనుకున్నాను. అప్పటికే మెట్లు దిగిపోయింది.

పన్ను ఎవరిదో తేలలేదు. రాజవ్వ ఇల్లిల్లూ తిరిగింది. డ్యాము మొత్తంలో పళ్లూడే వయసు పిల్లలు ముగ్గురు. ముగ్గురూ నోళ్లు తెరిచి చూపించారు. ఒకడు పళ్లు గట్టిగా ఉన్నాయని నా వేలి మీద రుజువు కూడా చేశాడు.

శుక్రవారం. పట్టాల్లో కరెంటు లేదు. సూది పడుకుంది.

ఐదో నంబరుకి వెనక బ్యాటరీ పెట్టె తగిలించాం. రేకుల్లో కరెంటు తీసేశాను. చూడ్డానికి సగం డ్యాము వచ్చింది. రాజవ్వ డబ్బా పెట్టి మూత వేసింది. బండి తూములో దూరింది. నేను బీడీ ముట్టించాను.

రెండు దమ్ములు లాగానో లేదో, అటు తూములోంచి బండి బయటికొచ్చేసింది.

జనం చప్పట్లు కొట్టారు. సంయుక్త నవ్వింది. రాజవ్వ డబ్బా మూత తీసి అట్లాగే నిలబడిపోయింది.

ముద్ద ఉంది. పెట్టింది పెట్టినట్టు, వేళ్ల అచ్చులతో సహా.

"ముట్టలే," అంది రాజవ్వ. గొంతు వినపడలేదు, పెదాలు కదలడం కనిపించింది. వెనక ఉన్నవాళ్లు అందుకున్నారు. "ముట్టలేదంట. ముట్టలేదు."

మళ్లీ పంపాం. మళ్లీ అంతే. చప్పున వచ్చింది, నిండుగా వచ్చింది.

పిట్ట ముట్టకపోతే ఏం చేయాలో అందరికీ తెలుసు. పోయినవాళ్ల మనసులో ఏదో ఉండిపోయింది, మాటివ్వాలి. ఒక్కొక్కరూ తూము దగ్గర వంగి మాటిచ్చారు. ఒకామె, "అత్తా, నీ కుట్టు మిషను నేనే వాడుకుంటున్న, ఇంకెన్నడు ముట్ట," అంది. ఇంకొకాయన, "తమ్మీ, నీ కొడుకును మంచిగ చూసుకుంటున్న, వాడే నన్ను చూస్తలేడు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నా వంతు వచ్చింది. తూములోంచి చల్లటి గాలి మొహానికి కొట్టింది. "బండి ఆపనియ్యను కొమురీ," అన్నాను. హోరు వింది, హోరే తీసుకుపోయింది.

అందరూ వెళ్లాక చెవి మీద చెయ్యి పెడితే బీడీ సగం కాదు, దాదాపు నిండుగా ఉంది. అప్పుడు తట్టింది నాకు. ముద్ద సంగతి సరే. బండి అంత తొందరగా ఎందుకొచ్చింది?

సంయుక్త దగ్గరికి పోయి అడిగాను. "బ్యాటరీ బండి ఉరుకుతదేమో మామా," అంది. అని తనే ఆగింది. పై గ్యాలరీ తిన్నటి దారిలో రెండు బండ్లు పక్కపక్కన పెట్టి తోలి చూశాం. పట్టాల కరెంటు బండి ముందు పోయింది. బ్యాటరీది పెట్టె బరువుకి ఈడ్చుకుంటూ వెనక వచ్చింది.

నిదానంగా నడిచే బండి తొందరగా తిరిగొచ్చింది. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోలేదు.

శనివారం. పట్టాల్లో కరెంటు ఉంది. బండి ఒకటి.

ఐదో నంబరుకి బ్యాటరీ పెట్టె ఊడదీశాం. రేకుల్లో కరెంటు ఇచ్చాను. ముద్ద పెట్టి, మీటరు ముందు ముగ్గురం కూచున్నాం, సంయుక్త, రాజవ్వ, నేను.

బండి తూములోకి పోయింది. సూది ఒకటి. ఒకటి. ఒకటి.

సున్నా.

రాజవ్వ నా మోచెయ్యి పట్టుకుంది. చాలాసేపటికి సూది లేచింది. ఒకటి. బండి బయటికొచ్చింది. డబ్బా ఖాళీ, కడిగి ఉంది. డ్రైవరు బొమ్మ వెనక్కి తిరిగి ఉంది.

"సూది గిట్ల పడుడు ఎన్నడన్న చూసినవా మామా?"

"రోజు చూస్త. మలుపు కాడ పాచి ఉన్నది, చక్రం జారుతది అనుకున్న."

"జారినా మోటారు తిరుగుతది గదా. సున్న అయిందంటే కరెంటే అందుతలేదు. అక్కడ రేకు ఎత్తిన్రు. ఎత్తితే బండి ఆగుతది, తీసుకునేది తీసుకొని రేకు అద్దితే కదులుతది." ఆమె డ్యాము పటం విప్పింది. కింది తూముకి లోపలి వైపు, పూడిక తీయడానికి చెయ్యి దూరేంత కంత ఒకటుంది. పంపు గది గోడలో. గ్యాలరీ కంటే ఎత్తులో ఉంది ఆ గది. సంయుక్త దాని మీద వేలు పెట్టింది. "బ్యాటరీ బండికి రేకుతోని పనేమున్నది మామా? అది ఆగకుంట పోయింది. వాళ్ల చెయ్యి ముందట్నించే పోయింది."



రాజవ్వ లేచి గూట్లోంచి అగ్గిపెట్టె తెచ్చింది. పన్ను అరచేతిలో వేసుకుంది. "ఏడేండ్ల పన్ను ఇది," అంది. "మీ చెల్లెకు నెలలు నిండినయ్ గద అప్పుడు."

సోమవారం నుంచి పట్టాలు బంద్ చేసి ఉంటే ముద్ద రోజూ వాళ్ల ముందు నుంచి పరుగెత్తేది. చీకట్లో పోయే బండిని పట్టుకోవడం ఎప్పటికో నేర్చుకునేవాళ్లేమో. అప్పటికి ఎంతమంది మిగిలేవాళ్లో. మేమేమో ఇవతల నిలబడి, ముట్టలేదు ముట్టలేదని కుట్టు మిషన్లు వాపసు ఇస్తూ ఉండేవాళ్లం. ఇక సూది కూడా లేచేది కాదు, ఒకరున్నారని చెప్పడానికి. సంయుక్త సోమవారం ఉత్తర్వు అక్కడే చింపింది. ఆస్పత్రి ఫ్యానుకి బ్యాటరీ పెడతానంది. ఫ్యాను ఎక్కడికీ పోదు కదా.

చీకట్లో ఉన్నవాళ్లకి చీటీ రాసి లాభం లేదు. అందుకని బ్యాటరీ సెల్లుకి చిన్న బల్బు కట్టి, వెలిగించి, బండి మీద పెట్టి పంపాం. తూములో ఆ వెలుగు మలుపు దాకా పోయి మాయమైంది. సూది సున్నాకి పడింది. ఈసారి చాలా ఎక్కువసేపు. నేను ఒక బీడీ మొత్తం తాగేశాను, జీవితంలో మొదటిసారి.

బండి తిరిగొచ్చింది. బల్బు కనిపించలేదు. దాని చుట్టూ, మీదా ఇటుకలు కట్టేసి ఉన్నాయి, గూడులాగా. పసుపువి, ఎర్రవి, ఇన్నేళ్లుగా నేను పోరగాళ్లని తిట్టిన ఇటుకలన్నీ. ఎక్కడా సందు లేదు, ఒక చుక్క వెలుగు బయటికి రావడం లేదు. ఒక్కో ఇటుకా తీస్తుంటే లోపల బల్బు వెలుగుతూనే ఉంది.

"పిల్ల జడుసుకున్నది," అంది రాజవ్వ. "పుట్టినకాడికెల్లి వెలుగు చూసిందా అది? కొరివి దయ్యం అనుకొని ఉంటది."

పన్ను చూసి ఆడపిల్ల అని రాజవ్వ ఎట్లా తేల్చిందో నాకు తెలీదు. నేనూ అట్లాగే అనుకుంటున్నాను.

ఆదివారం. ఐదు బండ్లూ అరుగు మీదే ఉన్నాయి. సూది

సూది లెక్క తర్వాత రాస్తాను.

సంయుక్త పొద్దుటినుంచీ ఇనప తలుపు దగ్గరే ఉంది. కాంక్రీటుకి సన్న కన్నం వేయిస్తోంది. అవతల నీళ్లు ఏ ఎత్తున ఉన్నాయో చూడకుండా తలుపు తీస్తే అందరం పోతాం. కన్నంలోంచి చెమ్మ తప్ప ఇంకా ఏమీ రాలేదట. పలుగు చప్పుడు నాకిక్కడికి వినిపిస్తోంది. లోపల వాళ్లకీ వినిపిస్తూ ఉండాలి. ఏమనుకుంటున్నారో.

నేను మీటరు దగ్గర, రాజవ్వ తూము దగ్గర ఉన్నాం. బండి ఏదీ పంపలేదు. సూది తనంతట తాను ఒకటికి లేచింది. ఎప్పట్లా ఆడుకుంటున్నట్టు లేచి పడలేదు. ఒకటి మీద నిలబడి ఉంది. ఏదో కదిలింది, ఆగకుండా వస్తోంది. తూములోంచి చక్రాల చప్పుడు వినిపించింది. ఆ టకటకని నేను ఏడేళ్ల తర్వాత విన్నా పోల్చుకుంటాను. దాని వెనక చక్రం ఎప్పుడూ కొంచెం వంకరే, నేనే సరిగ్గా బిగించలేదు.

ఆరో నంబరు.

బయటికి రాగానే మీట ఎత్తాను, అరుగు ముందు ఆగింది. రంగు పోయి నున్నగా అయిపోయింది, రోజూ చేతుల్లో నలిగిన వస్తువులాగా. కప్పు మీద పిడికెడు ముద్ద ఉంది. నిన్న మేం పంపిన గట్కే. అందులోంచి తీసి పెట్టారు. నేను తల వంచి చూశాను. ముద్ద మీద వేళ్ల అచ్చులున్నాయి. రెండు రకాలవి. పెద్దవి ఐదు, వాటి లోపలే చిన్నవి ఐదు. పిల్ల చేతిని తన చేతిలో పట్టుకుని పెట్టించింది, పెద్దలకి పెట్టించేటప్పుడు పట్టుకున్నట్టు.

ముద్ద పక్కన ఒక బీడీ. బచ్చలాకుది, చెమ్మకి మెత్తబడింది. సగానికి విరిచి ఉంది.

ఓదెలు బావ సగం బీడీ ఎన్నడూ తాగలేదు. ఈ సగం నాది.

కాసేపు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూచున్నాను. కొమురవ్వ తప్పేముంది? ఏడేళ్లు అక్కణ్ణించి పిలిచి ఉంటుంది, ఇవతల నుంచి పలికినవాడు లేడు. వరద పైకి కూడా వచ్చిందనుకుని ఉంటుంది. మనిషి అనేవాడు కనిపించడు, ముద్ద మాత్రం రోజూ వస్తుంది. మీ మామ పోయాడు బిడ్డా, పోయినా మనల్ని మరవలేదు అని ఆ పిల్లకి చెప్పి ఉంటుంది. అట్లాంటిది మొన్న శుక్రవారం బండి ఆగకుండా పోయింది. నిన్న అదే బండి మీద కొరివి దయ్యం వచ్చింది. ఇవాళ గోడలో పలుగు చప్పుడు. పోయినవాళ్లకి కోపం వచ్చింది, ఇంకేం చేస్తుంది? పిట్టకు పెట్టింది.

లోపల నా ఫొటో లేదు గనక దండ తప్పింది.

మణికట్టు పట్టుకుని చూసుకున్నాను. కొట్టుకుంటోంది. అయితే ఏడేళ్లు సూదిని తప్పుగా చదివినవాణ్ణి, ఇది మాత్రం సరిగ్గా చదివానని ఏం నమ్మకం? రాజవ్వని కూడా చూడమన్నాను.

"మంచిగనే ఉన్నవ్ గని, నడువు," అంది. కళ్లు తుడుచుకోవడం లేదు, కారనిస్తోంది. "ముద్ద ముట్టాలె. ముట్టి, గిన్నె కడిగి, బండి వాపసు పంపాలె. గట్లనే తిరిగి పోయిందనుకో, అక్కడ తల్లీబిడ్డలు తూము కాడ కూసొని మనకు మాటలిస్తుంటరు."

ఏం మాటిస్తారో అనుకున్నాను. ఆ పిల్ల ఇవ్వగలిగింది ఏముంది? ఆరో నంబరు ఒక్కటే ఉంది. అది ఇచ్చేసింది.

ఇప్పుడు సూది సున్నా. ఆరో నంబరు నా ముందే ఉంది, మీట ఎత్తి ఉంది. డ్రైవరు బొమ్మ దీనిమీదా వెనక్కే తిరిగి కూచున్నాడు. ఇన్నేళ్లూ సరిచేసి పంపినవాణ్ణి, ఇవాళ తెలిసింది. దారి చూడ్డానికి కాదు, పోతూ పోతూ వాళ్లని చూస్తుండాలని తిప్పుతున్నారు. చీకట్లో, వేళ్లతో తడిమి.

"ఏందయ్యా, అవుతల పిల్ల కండ్లు కాయలు కాసేటట్టు కూసున్నది, నువ్వేమో గీ పుస్తకంల రాసుకుంట కూసున్నవ్! వస్తవా, నీ వంతు సుత నేనే ముట్టాల్నా?"

వస్తున్నా, ఒక్క ముక్క రాసి వస్తున్నా. నా తర్వాత ఈ లైను చూసేవాడు గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, ఆరో నంబరు తిరిగి లోపలికి పంపేటప్పుడు డ్రైవరు బొమ్మని మాత్రం